బండి ఆగని ఇల్లు

కోటు కావాలట. ఇంటికి మాత్రం రారట.

చర్చి కార్యదర్శి జకర్యా ఈ రెండు ముక్కలూ ఒకే గుక్కలో చెప్పేసి, మార్త ఇచ్చిన టీలో బిస్కెట్ ముంచాడు. ముంచి మాటల్లో పడ్డాడేమో, అది కాస్తా మెత్తబడి, విరిగి, కప్పులో మునిగిపోయింది. మార్త చూసింది. చెంచా తెచ్చి ఇవ్వలేదు.

“మీ మంచికేనమ్మా,” అన్నాడు జకర్యా కప్పులోకి చూస్తూ. “దుఃఖంలో ఉన్న ఇంటి ముందు డోలక్కులూ డ్యాన్సులూ బాగుండవని కమిటీ ప్రార్థనాపూర్వకంగా ఆలోచించింది. ఈ ఏడాది క్యారల్స్ బండి ఆగే ఇళ్ళలో మీ ఇల్లు పెట్టలేదు. గేటుకు స్టార్ కూడా కట్టకండి. వచ్చే ఏడు, ప్రభువు చిత్తమైతే చూద్దాం.”

“మరి కోటెందుకు?”

“క్రిస్మస్ తాత లేకుండా బండి ఎలా తిరుగుతుందమ్మా? పిల్లలు ఊరుకుంటారా? కొత్తది కొందామని యూత్ వాళ్ళు రాంగోపాల్‌పేట్‌లో కొట్టు కొట్టూ ఎక్కి దిగారు. అంతా దోమతెర లాంటి గుడ్డ. నాలుగు గంతులేస్తే చిరిగిపోతుంది. మీ చేతి కుట్టు ఎక్కడొస్తుంది చెప్పండి?”

పొగిడితే కరిగే రోజులు కావవి. మార్త కుట్టు మిషన్ మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆ మిషన్ మీదే కుట్టింది ఆ కోటు. ఎర్ర వెల్వెట్టు, అంచులకు తెల్లటి బొచ్చు, లోపల దళసరి లైనింగు. చర్చి కోసం కాదు, కూతురు ప్రిసిల్లా కోసం. డిసెంబరు వచ్చిందంటే ఆ పిల్ల పొట్ట మీద దిండు కట్టుకుని, ఆ కోటులో దూరి, గడ్డమున్న మాస్కు తగిలించుకుని బోయిగూడ గల్లీలన్నిటినీ ఊపేసేది. మొన్న వానాకాలంలో స్నేహితురాలి పెళ్ళికని మొదటిసారి విమానం ఎక్కింది. వానలో దిగుతూ ఆ విమానం రన్‌వే మీద ఆగలేక, జారిపోయి, గోడకు కొట్టుకుని ముక్కలైంది. పక్క సీట్లో కూర్చున్న ఇంకో స్నేహితురాలు ఎలీనా బతికింది. ప్రిసిల్లా బతకలేదు. ఉన్నది అంతే. ఆ అంతేతో జనానికి సరిపోలేదు.

“ఈసారి ఎలీనా కూడా బండి మీద ఉంటుంది.” జకర్యా ముఖం వెలిగిపోయింది. “వీధి వీధికీ రెండు మాటలు సాక్ష్యం. చుట్టూ విమానం విరిగిపోతుంటే మీ ప్రిసిల్లా గొంతెత్తి కీర్తన పాడిందని చెబితే చాలు, రాతి గుండెలు కరిగిపోతున్నాయి. వీడియో చూశారా? ఎన్ని వేల మంది చూశారో!”

చూసింది. చూడకుండా ఉంటుందా? కళ్ళు మంటలెత్తేదాకా చూసింది. అందులో మాట్లాడేదంతా జకర్యానే. పక్కన ఎలీనా చేతికర్ర మీద బరువు మోపి, తల వంచుకుని నిలబడి ఉంటుంది. ‘అవునా తల్లీ?’ అని ఆయన అడిగినప్పుడు ఆ పిల్ల గడ్డం కొద్దిగా కదులుతుంది. అది అవునో, కాదో, మెడ నొప్పో, చూసిన వేలమందిలో ఒక్కడికైనా తెలిస్తే ఒట్టు.

“పాడిందని ఎవరు చెప్పిన్రు?”

“ఎలీనా కాదనలేదు కదమ్మా.”

మార్తకు ఒళ్ళు మండింది. ప్రిసిల్లా పాడడమేమిటి! దానికి గొంతెక్కడిది? క్వయర్ మాస్టర్ రోనాల్డ్ దాన్ని ముందు వరుసలో నిలబెట్టి చూశాడు, వెనక వరుసలో నిలబెట్టి చూశాడు, ఆఖరికి దండం పెట్టి, ‘నువ్వు మాస్కు వేసుకో బంగారం, తాతకు పాటుండదు’ అన్నాడు. అలా అయింది అది క్రిస్మస్ తాత. భయమేస్తే ఆ పిల్లకు పాట రాదు, ఎక్కిళ్ళొస్తాయి. నవ్వొచ్చినా ఎక్కిళ్ళే. ఇదంతా చర్చిలో ప్రతి మనిషికీ తెలుసు. జకర్యాకు ఇంకా బాగా తెలుసు. తెలిసే పాడించాడు. చచ్చిపోయిన పిల్ల నోరు కదా, ఏ పాట పెట్టినా కాదనదు.

“కోటు ఇస్తా,” అంది మార్త. “బండి నా గేటు ముందర ఆగాలె. పాట పాడాలె. ఎలీనా దిగొచ్చి దాని చేతులతోని తీసుకోవాలె.”

“అది కమిటీ నిర్ణయమమ్మా, నేనొక్కణ్ణి...”

“కమిటీని సుత తోలుకరండి. కుర్చీలేస్తా.”

“ఎలీనా రాదు సహోదరీ. మిమ్మల్ని చూస్తే ఆ బిడ్డ తట్టుకోలేదు. మేమే వద్దన్నాం. మీక్కూడా అది మంచిది కాదు.”

“నా మంచి, దాని మంచి, అన్ని మీరే జూసుకుంటున్నరు గద. ఇగ మేమెందుకు? టీ తాగండి, చల్లారుతుంది.”

జకర్యా అడుగున బిస్కెట్ మడ్డి వదిలేసి లేచాడు. గుమ్మం దగ్గర అలవాటు చొప్పున ‘వందనాలమ్మా’ అన్నాడు. మార్త కూడా వందనాలంది. తిట్టినట్టు అంది.

భర్త యెషయా లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చి, కుళాయి దగ్గర కూర్చుని, చేతుల గ్రీజు వదిలించుకోవడానికి రంపపు పొట్టు రుద్దుకుంటున్నాడు. మార్త వచ్చి నెత్తి మీద నిలబడింది.

“అటక మీదికెళ్ళి స్టార్ దించు.”

“ఏందే?”

“స్టార్. కట్టాలె. ఇయ్యాలనే.”

యెషయా చేతులు కడుక్కున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా కడుక్కున్నాడు. రైలు పెట్టెలకు వైరింగు చేసే చేతులవి, గోళ్ళ సందుల్లో నలుపు ఎన్నటికీ పోదు. “జనం ఏమంటరే మార్తా? పిల్ల పోయి ఏడాది నిండలే, అప్పుడే లైట్లు పెట్టిండ్రు అనరా?”

“అననీ. చీకట్ల కూసోమని చెప్పెటోళ్ళల్ల ఒక్కడన్న వచ్చి మనతోని చీకట్ల కూసున్నడా?”

యెషయా నిచ్చెన తెచ్చాడు. స్టార్ దించేసరికి వెదురు బద్దల చట్రం బాగానే ఉంది గానీ రంగు కాగితం చిల్లులు పడింది. ఒక కోణం మీద మట్టి రంగు టేపు అడ్డదిడ్డంగా అతికించి ఉంది. పోయినేడు ప్రిసిల్లా చేసిన రిపేరు. ఆ పిల్లకున్న ఓపిక అంతే. యెషయా పాత కాగితమంతా చింపేశాడు. టేపున్న కోణం దగ్గరకు వచ్చేసరికి ఆగి, దాన్ని అలాగే ఉంచి, చుట్టూ కొత్త కాగితం అంటించాడు. హోల్డరు బిగించాడు. వైరు పళ్ళతో ఒలిచి మెలిపెట్టాడు.

నిచ్చెన కింద పట్టుకుని మార్త అంది: “నాకు ఒక్కటే కావాలయ్యా. అది ఆఖర్న ఏం జేసిందో కావాలె. జకర్యా పాట గాదు. మన పిల్ల ఏమన్నదో, ఎట్లున్నదో, ఉన్నది ఉన్నట్టు. గది ఎలీనా దగ్గర తప్ప ఈ లోకంల ఎవరి దగ్గర లేదు.”

యెషయా పైనుంచి తొంగి చూశాడు. “వినలేనిదైతే?”

“మనదైతే సాలు.”

స్విచ్ వేశాడు. స్టార్ వెలిగింది. ఆర్పాడు. మళ్ళీ వేశాడు. గల్లీలో పోతున్న వాళ్ళు తలలెత్తి చూసి, గబుక్కున తలలు దించుకున్నారు, బట్టలు మార్చుకుంటున్న మనిషి కంటపడినట్టు.

తెల్లారేసరికి పక్కింటి జగదాంబ గోడ మీద నుంచి తల పెట్టింది. భీమవరం నుంచి వచ్చి ఈ గల్లీలో కాపురం పెట్టిన నరసరాజు గారి భార్య. మాట మెత్తన, చెయ్యి పెద్దది.

“ఏవిటండీ మార్త గారూ, స్టార్ కట్టేశారా! ఏడాది తిరగలేదు కదండీ. మావైపైతే పండగలు మానేస్తామండీ.”

“మావైపు సుత మానేస్తరు. నేను మానేస్తలేను.”

జగదాంబ కళ్ళు చిన్నవి చేసి స్టార్ వంక చూసింది. “బావుందండీ,” అంది చివరికి. “ఆ మూల టేపు పాప వేసిందే కదూ? నా దగ్గరే పట్టికెళ్ళింది.” అని గోడ మీదుగా పాలిథీన్ కవరు అందించింది. మూతి ముడి వేసి ఉంది. లోపల వేడి గారెలు.

మార్త కవరు అందుకుంది. లోపల ఎక్కడో చురుక్కుమంది. ఇదివరకు ఈ గోడ మీద స్టీలు డబ్బాలు నడిచేవి. ఇటు నుంచి కేకు ముక్కలు పోయేవి, అటు నుంచి సున్నుండలు వచ్చేవి. వచ్చిన డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదని రెండిళ్ళకూ పట్టింపు. అందువల్ల ఆ నడక ఆగడమే లేదు. ప్రిసిల్లా పోయినప్పటి నుంచీ జగదాంబ ఏది పంపినా కవరులోనే. చావు జరిగిన ఇల్లనా? మైలనా? లేక తాము ఏ కులమో, తమ గిన్నెలు ఎవరివో ఇన్నాళ్ళకు ఆమెకు గుర్తొచ్చిందా? ఈ దేశంలో మనుషులు కులాన్ని ఎక్కడ దాచుకుంటారో మార్తకు ఎవరూ చెప్పక్కర్లేదు. గిన్నెల్లో దాచుకుంటారు. అయినా అడగలేదు. ఉన్న ఒక్క పొరుగూ పోతుందని కడుపులోనే పెట్టుకుంది.

“గులాబీ పువ్వులు చేస్తున్న,” అంది పొడిగా.

“ఒక్కరేనా? ఉండండి, వస్తున్నా.”

వచ్చింది. కొంగు బొడ్లో దోపుకుని పొయ్యి ముందు పీట వేసుకుంది. మార్త మైదా, బియ్యప్పిండి, గుడ్డు, కొబ్బరిపాలు, పంచదార గిలక్కొట్టి, నువ్వులు చల్లి పెట్టింది. ఇత్తడి అచ్చు నూనెలో మునిగి కాగుతోంది. కాగిన అచ్చును పిండిలో పై అంచు మునగకుండా ముంచాలి. మునిగిందా, పువ్వు అచ్చును వదలదు. మళ్ళీ నూనెలో పెట్టి ఒక్క విదిలింపు విదిలిస్తే రేకులు విచ్చుకుని పువ్వు తేలుతుంది. మార్త విదిలించింది. తేలింది. మళ్ళీ ముంచింది. ఇద్దరికీ మాటలు అక్కర్లేకుండా పని నడిచింది. ఇంత కాలానికి ఇంట్లో నూనె వాసన, తీపి వాసన. మార్తకు చేతుల్లో హుషారు ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. బల్ల మీద పాత పేపరు నిండా బంగారు రంగు పువ్వులు లేచాయి.

“మార్త గారూ,” అంది జగదాంబ ఉన్నట్టుండి, చిల్లుల గరిటె గాల్లోనే ఆపి. “ఆ రోజు పాప వెళ్ళేటప్పుడూ...”

“ఏంది?”

జగదాంబ గరిటె దించింది. “ఏవీ లేదులెండి. అచ్చు కాగిపోతోంది, తియ్యండి.”

మార్త తీసింది. ఆ సగం మాట ఆమెకు రోజంతా ముల్లులా తగులుతూనే ఉంది.

సాయంత్రం లాలాగూడలో రైల్వే క్వార్టర్లకు వెళ్ళింది. ఎలీనా తల్లి కాంతమణి తలుపు సగమే తెరిచి, ఆ సగానికి అడ్డంగా నిలబడింది. గుమ్మం పక్కన చేతికర్ర గోడకు ఆనించి ఉంది. పిల్ల ఇంట్లోనే ఉందన్నమాట.

“పండుకున్నది అక్కా,” అంది కాంతమణి.

“కర్ర లేకుండ పండుకున్నదా? లేపు. రెండు ముచ్చట్లు అడిగి పోత.”

“వద్దక్కా. నీ కాళ్ళు మొక్కుత.” కాంతమణి కళ్ళలో నీళ్ళు, మాటలో కోపం. “చూడనీకి వచ్చినోళ్ళందరు దాన్ని అడుగుడే. ఎట్ల బతికినవ్, ఎట్ల బతికినవ్ అని. ఒకామె మొన్న చర్చిల దీని చెయ్యి పట్టుకొని, మా వాడు పోయిండు, నిన్నెందుకు ఉంచిండు దేవుడు అని అడిగింది. బతికినందుకు జవాబు చెప్పాల్నా అక్కా నా బిడ్డ? కనీసం జకర్యా సారు పక్కనుంటే ఎవరు ఏం అడగరు. ఆయననే మాట్లాడుతడు.”

మార్త ఒక అడుగు వెనక్కి వేసింది. తను కూడా అడగడానికే వచ్చింది. అందరిలాంటిదే తనూనా? కాదు. కాదని ఎలా చెప్పడం? తలుపు సందులోంచి లోపలి గది కనిపిస్తోంది. అక్కడ తెర కదిలింది. గాలి లేదు.

మార్త గొంతు పెంచింది. కాంతమణి భుజం మీదుగా, తెరకే చెప్పింది. “ఎలీనా! నువ్వెట్ల బతికినవ్ అని నేను అడగనే. నువ్వు బతికితే నాకు ఖుషే. రేపు పొద్దుమూకంగ బండి మా గల్లీకొస్తది. స్టార్ కట్టిన. దాని కోటు నా దగ్గరున్నది. దిగొస్తే ఇస్త. నీకు తోస్తేనే రా.”

తెర కదల్లేదు. మార్త మెట్లు దిగింది. వెనక తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం చాలాసేపటికి గానీ వినిపించలేదు.

మర్నాడు దీపాలు పెట్టే వేళకే బండి చప్పుడు మొదలైంది. గల్లీ మొదట్లో డోలక్, దాని మీద కీబోర్డు, వాటి మీద జనరేటరు రొద. పిల్లలు ఇళ్ళలోంచి ఉరికారు. బండి నిండా రంగు లైట్లు, బెలూన్లు, అరుపులు. వెనక చెక్క తలుపు మీద కాళ్ళు వేలాడేసుకుని కుర్రాళ్ళు టాంబురీన్లు గలగలలాడిస్తున్నారు. తాత కూడా ఉన్నాడు. మార్త కోటు ఇవ్వలేదని అదే దోమతెర కోటు కొని ఎవరికో తొడిగారు. చంక కింద అప్పుడే చిరిగింది, పిన్నీసులు పెట్టారు. పొట్ట మీది దిండు ఒక పక్కకు జారి, తాత కాస్తా మూట మోసే కూలీలా ఉన్నాడు.

మార్త గేటు లోపల నిలబడి వింటోంది. కుర్చీలు వేసింది. పళ్ళెం నిండా గులాబీ పువ్వులు పెట్టింది. స్టార్ వెలుగుతోంది. ఒక ఇల్లు అయింది. ఇంకో ఇల్లు అయింది. ప్రతి ఇంటి ముందూ పాట, ప్రార్థన, తాత గంతులు, ‘హ్యాపీ క్రిస్మస్’ అని గల్లీ అదిరే కేక. మధ్యలో మైకులో జకర్యా గొంతు: “విమానం ముక్కలవుతున్న వేళ, ప్రియులారా, ఒక బిడ్డ గొంతెత్తి...”

“దగ్గరికొచ్చిన్రు,” అన్నాడు యెషయా. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు.

కరెంటు స్తంభం దగ్గరకు రాగానే జకర్యా చెయ్యెత్తాడు. డోలక్ ఆగింది. కీబోర్డు ఆగింది. రంగు లైట్లు కూడా ఆర్పేశారు. శవాన్ని దాటిపోతున్నట్టు బండి మెల్లగా, తలలు వంచుకుని, మార్త గేటు ముందు నుంచి జరగడం మొదలుపెట్టింది.

అప్పుడు వచ్చింది మార్తకు తిక్క. దుఃఖాన్ని గౌరవించడమట ఇది! బతికుండగా గల్లీలన్నీ గంతులేయించి, చచ్చాక వీడియోలో పాడించి, ఆ పిల్ల ఇల్లు రాగానే లైట్లు ఆర్పేస్తారా? లోపలికెళ్ళింది. మంచం మీది కోటు తీసింది. తొడుక్కుంది. చీర మీదే తొడుక్కుంది. కూతురి కొలతకు కుట్టిన కోటు తల్లికి భుజాల దగ్గర వదులైంది, పొట్ట దగ్గర సరిపోయింది. గడ్డం తగిలించుకుని గేటు తోసుకుని వెళ్ళి హెడ్‌లైట్ల వెలుగులో నడిరోడ్డు మీద నిలబడింది.

డ్రైవరు బ్రేకు తొక్కాడు. బండి మీద వాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు.

“తాతా! ఇంకో తాత!” పిల్లలు వెర్రికేకలేశారు. “అసలు తాత వచ్చిండ్రోయ్!”

“అమ్మా, ఇదేంటమ్మా,” మైకు చేతిలో ఉందని మరిచి జకర్యా అన్న మాట గల్లీ అంతా మోగింది. “దయచేసి పక్కకు జరగండి.”

“పాడండి,” అంది మార్త గడ్డంలోంచి.

ఎవరూ పాడలేదు. రోనాల్డ్ కీబోర్డు మీద చేతులు పెట్టుకుని బిగుసుకుపోయాడు. గోడ మీద నుంచి జగదాంబ చూస్తోంది. గల్లీ గల్లీ అంతా బయటికొచ్చి నిలబడింది. ఇంత మంది ముందు మౌనం జకర్యా వల్ల కాలేదు. మైకు సర్దుకున్నాడు. “ప్రియులారా, ఇదిగో, ఈ గృహంలో పుట్టిన బిడ్డే! మరణం ఎదురుగా నిలబడితే జంకకుండా గొంతెత్తి కీర్తన పాడిన...”

“అది పాడలే.”

బండి వెనక నుంచి వచ్చింది ఆ మాట. కర్ర ముందు దిగింది. తర్వాత ఎలీనా దిగింది, ఒక కాలు, ఆ తర్వాత రాడ్డు వేసిన కాలు. దిగేటప్పుడు పళ్ళు బిగబట్టింది. రోనాల్డ్ చెయ్యి అందిస్తే పట్టుకుని వదిలేసింది. నడిచి నడిచి హెడ్‌లైట్ల వెలుగులోకి వచ్చింది.

“ఎలీనా, తల్లీ,” అన్నాడు జకర్యా.

“అది పాడలే సార్. దానికి పాట రాదు. మీకు ఎరుకే గద.” పక్కనే మైకు. ప్రతి ముక్కా గల్లీ చివరి దాకా పోతోంది. “ఆంటీ, అది సున్నుండలు తింటుండె.”

మార్త గడ్డం కిందికి లాగేసింది. “చెప్పు బిడ్డా.”

“డబ్బా ఒళ్ళ పెట్టుకుంది. దిగుతున్నం, లోపల పెట్టెయ్యమ్మా అని ఎయిర్‌హోస్టెస్ వస్తే, ‘మీరు సుత ఒకటి తినండి మేడమ్’ అని ఆమె చేతుల పెట్టింది. ఆమె నవ్వింది. కిటికీలకెళ్ళి ఏం కనిపిస్తలే, మొత్తం వాన. ధడేల్మని తగిలింది. డబ్బా ఎగిరి ముందు సీట్ల కిందికి ఉరికింది. సున్నుండలన్ని దొర్లినయి. గప్పుడు సుత మాకు సమజ్ కాలే ఆంటీ, ఏమైతుందో. ఇది నా చెయ్యి గట్టిగ పట్టుకొని, ‘ఒసేయ్, డబ్బా పట్టుకోవే! డబ్బా లేకుండ పోతే మా అమ్మ నన్ను గేట్లకు రానియ్యదే!’ అని ఒకటే నవ్వు. నవ్వితే దానికి ఎక్కిళ్ళు గద. ఎక్కిళ్ళు, నవ్వు, మళ్ళ ఎక్కిళ్ళు. నాకు సుత నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వుతనే ఉన్నం.” ఎలీనా ఆగింది. “తర్వాత నాకు తెల్వదు.”

ఎక్కిళ్ళు. మార్త కళ్ళు మూసుకుంది. అది తన పిల్ల. ఇన్ని నెలలుగా వీడియోలో ఎవరో దేవదూతను చూపించి, నీ కూతురే అంటుంటే, గుర్తుపట్టలేక చచ్చిపోయింది తను. ఇదిగో, వచ్చింది తన పిల్ల. సున్నుండ నోట్లో పెట్టుకుని, ఎక్కిళ్ళు పెడుతూ వచ్చింది.

“ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదే?”

“ఎవరడిగిన్రు ఆంటీ? దేవుడు ఏం చేసిండని అడిగిన్రు. అది ఏం చేసిందని ఎవరు అడగలే.” ఎలీనా చెంపలు తుడుచుకుంది. “సాక్ష్యంల డబ్బా ముచ్చట ఎట్ల చెప్తం?”

జకర్యా మైకు ఆపబోయాడు. బటన్ దొరకలేదు.

“ఏం డబ్బా?” మార్త కనుబొమ్మలు ముడిపడ్డాయి. “మా ఇంట్ల డబ్బాలన్ని ఉన్నయి. ఏది పోలే.”

“గుండ్రంగ, స్టీలుది. మూత మీద పేరు చెక్కి ఉండె. ఎవరిదో...”

“నాదేనండీ,” అంది జగదాంబ గోడ మీద నుంచి.

అందరూ అటు తిరిగారు. జగదాంబ గబగబా తన గేటు తీసుకుని రోడ్డు మీదికి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసేసింది. “పాప బయల్దేరుతుంటే నేనే ఇచ్చానండీ, దారిలో తినమని. మా అమ్మ నా పెళ్ళికి పేరు చెక్కించి ఇచ్చిన డబ్బా. జాగ్రత్తే ప్రిసిల్లా అన్నాను. ఆ తర్వాత ఎలా అడగనండీ? అడగకపోయినా, ఇంకో డబ్బాలో ఏదైనా పంపితే దాన్ని అడిగినట్టుంటుందేమో, మీకు గుర్తొస్తుందేమో అని, అప్పట్నుంచీ కవర్లలోనే...”

మార్తకు నెత్తిన చన్నీళ్ళు గుమ్మరించినట్టయింది. కవర్లు! ఇన్నాళ్ళూ ఒక్కో కవరు ముడీ విప్పుతూ ఏమనుకుంది తను! లైట్లు ఆర్పేసి పోయేవాళ్ళు ఒక పక్క, డబ్బా అడగనివాళ్ళు ఇంకో పక్క. ఇద్దరూ మంచికేనట. ఆ మంచి మధ్యలో పడి తన పిల్ల పేరెత్తే మనిషే లేకుండా పోయాడు.

“అడుగు,” అంది మార్త.

“ఏవిటండీ?”

“డబ్బా అడుగు జగదాంబా. నన్ను గాదు, దాన్ని. అది ఇంట్ల ఉంటే ఎట్ల అడుగుతవో, గట్లనే అడుగు.”

జగదాంబ మార్త ముఖంలోకి చూసింది. తర్వాత ఆ ఇంటి వైపు తిరిగింది. స్టార్ వెలుగుతోంది, ఒక మూల టేపుతో. ఊపిరి పీల్చుకుని, ఏడుపూ అరుపూ కలిసిపోయిన గొంతుతో, ఒక్క కేక పెట్టింది.

“ఏమే ప్రిసిల్లా! నా డబ్బా ఏదే? మా అమ్మ ఇచ్చిందని చెప్పానా లేదా? పారేసుకుని వచ్చావా? రా బయటికి, నీ సంగతి చెబుతా!”

ముందు నవ్వింది యెషయా. నోరు మూసుకుని నవ్వబోయాడు, కుదరలేదు, గేటు పట్టుకుని వంగిపోయి నవ్వాడు. మార్తకు నవ్వొచ్చింది. ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వచ్చి గొంతులో అడ్డం పడి, ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఎలీనా ‘ఆంటీ, నీక్కూడనా!’ అని మార్త కోటు పట్టుకుని ఊగిపోయింది.

“కొట్టండ్రా డోలక్!” అని అరిచాడు రోనాల్డ్. కీబోర్డు మీద రెండు చేతులూ వేశాడు. ఎవరో రంగు లైట్లు వేశారు. టాంబురీన్లు గలగలలాడాయి. పిన్నీసుల తాత బండి మీద నుంచి దూకి, జారిపోతున్న దిండును ఒక చేత్తో పట్టుకుని, అసలు కోటు తొడుక్కున్న తాత చుట్టూ గంతులేశాడు. పిల్లలు ఇద్దరు తాతల మధ్యా దూరిపోయారు. జకర్యా మైకు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని పాడమని ఎవరూ అడగలేదు. ఎవరో ఆయన చేతిలో ఒక గులాబీ పువ్వు పెట్టారు.

బండి కదిలేటప్పుడు ఎలీనా ఎక్కలేదు. కుర్చీలో కూర్చుని, రాడ్డు కాలు ముందుకు చాపుకుని తింటోంది. “కోటు?” అన్నాడు జకర్యా మెల్లగా. “రేపు,” అంది మార్త. “ఇయ్యాల తాతకు సలి పెడుతుంది.”

లోపలికెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. స్టీలుది, మూత మీద ‘యెషయా, మార్త’ అని చెక్కి ఉంది. నిండా గులాబీ పువ్వులు సర్ది, మూత అరచేత్తో నొక్కి బిగించి, జగదాంబ చేతుల్లో పెట్టింది.

“ఇదిప్పుడెందుకండీ,” అంది జగదాంబ.

“తిని, మళ్ళ ఇయ్యి. ఉత్తగ ఇయ్యకు.” మార్త ఒక ఎక్కిలి మింగింది. “ఇయ్యకపోతే గల్లీ మొత్తం ఇనేటట్టు అడుగుత.”